చెంచాడు బీట్రూట్ రసం

ఐసీయూ తలుపు దగ్గర ధనకోటి ఒక ముసలమ్మ కొంగు కింద నుంచి ఫ్లాస్కు బయటికి తీసింది.

"లోపలికి తీసకపోకూడదమ్మా. నీ బిడ్డకు నువ్వే చెరుపు చేసినట్టయితాది."

ముసలమ్మ తిట్టింది. ధనకోటికి తిట్లు కొత్త కాదు. పొట్టి మనిషి. ఫినాయిలుకు పగిలిన వేళ్ళు, ఒక పక్కకు ఒరిగే నడక. ఆయాగా ఈ తలుపు దగ్గర ఆమె పట్టుకోనిది లేదు. కొబ్బరినీళ్ళు, బత్తాయి రసం, తిరుత్తణి కొండ విభూతి కలిపిన పాలు. ప్రేమ ఉన్నవాళ్ళే దొంగలని ఆమె నమ్మకం. ఫ్లాస్కును కిటికీ గట్టు మీద పెట్టి లోపలికి నడిచింది.

ఈ పూట ఆమె నడుము దగ్గర చీరలో బీట్రూట్ రసం సీసా ఉంది. గోడవార మంచంలో ఉన్నది ఆమె మొగుడు షణ్ముగం.

షణ్ముగం పెళ్ళి వంటలకు గంగాళాలంత ఇత్తడి అండాలు మోసే మనిషి. ఆఖరి పంక్తిలో కూర్చుని సుష్ఠుగా తినేవాడు, ఇంటికొచ్చి పెళ్ళాం చారుకు వంక పెట్టేవాడు. తిరుత్తణిలో పెళ్ళి ముగించుకుని వస్తుంటే కడంబత్తూరు దగ్గర వ్యాను బోల్తా పడింది. అండా అంచు తొడలో దిగింది. ఆసుపత్రి చేరేసరికి ఒంట్లో రక్తం చాలావరకు రోడ్డు పాలైంది. కుట్లు వేశారు, రక్తం ఎక్కించారు, మాట వచ్చింది. గండం గడిచిందని అందరూ అనుకున్నారు.

డాక్టర్ కవిప్రియ అనుకోలేదు. "రక్తం తగ్గితే ఒళ్ళు గుండెనూ మెదడునూ చూసుకుంటాదక్కా. కడుపును పస్తు పెడతాది. లోపలి పొర పుండయిపోతాది. ఆ పొర నిలిస్తే ఈయన నిలుస్తాడు. మందు ఎక్కుతా ఉంది. ప్రెషర్ కుదిరినాక మేమే ట్యూబులో కొంచెం కొంచెం గంజి పోస్తాము. అంతదాకా నోట్లో ఏమీ వద్దు."

ధనకోటి తలూపింది. ఈ మాట ఎంతమందికి తానే చెప్పిందో.

"మేయ్, నోరు ఎండిపోతా ఉంది" అన్నాడు షణ్ముగం, ముక్కులో ట్యూబుతో. "రవ్వంత ఏదన్నా ఇయ్యి."

రక్తం పోయినవాడికి ఎర్రటిది పోస్తే రక్తం పడుతుందని ఆమెకు తల్లి చెప్పింది, తల్లికి ఆమె తల్లి. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టు, ధనకోటి అటూ ఇటూ చూసి చెంచాడు పోసింది. ఆయన బోసినోటితో చప్పరించి, "ఉప్పు లేదు" అన్నాడు.

కాసేపటికి, కడుపులోది బయటికి లాగే ఆ ముక్కు ట్యూబు చివరి సంచిలోకి ఎరుపు దిగింది. నర్సు ఏంజెలిన్ పరుగెత్తింది. డాక్టరు వచ్చింది. లోపల రక్తం కారుతోందన్నారు, ఆపరేషను మాట ఎత్తారు. ధనకోటి చీరలోంచి సీసా బయటికి తీసింది.

"నేనే పోసినాను డాక్టరమ్మా. బీట్రూట్."

కవిప్రియ సంచిని వెలుతురులో పెట్టి చూసి, దానిలో బొట్టును పరీక్ష చేసి, ఊపిరి వదిలింది. తరువాత తిట్టింది. "నువ్వే ఇట్ల చేస్తే ఎట్లక్కా?" ట్యూబు కడిగారు. సంచి మార్చారు. ఈసారి తేటగా దిగింది. తన బతుకులో ధనకోటి అంత హాయిగా ఎప్పుడూ తిట్లు తినలేదు. సీసాను సింకులో వంపేసి, మధ్యాహ్నమంతా నేల తుడుస్తూ ఆ సంచినే చూసింది.

పొద్దు వాలే వేళకు సంచి మళ్ళీ ఎర్రబడింది.

ఏంజెలిన్ దగ్గరకొచ్చి మెల్లగా, "మళ్ళా పోసినావా అక్కా?" అంది. గొంతులో కోపం లేదు. అవునంటే బాగుండునన్న ఆశ ఉంది. ధనకోటికీ అదే ఆశ. తానే దొంగయితే ఈ పూటకు ఆయన బతికినట్టే. అవుననడానికి నోరు తెరిచింది.

"లేదు సిస్టరమ్మా" అంది.

ఆ తరువాత చేయగలిగిందంతా చేశారు. పైనుంచి రక్తం ఎక్కుతూనే ఉంది, లోపల కారుతూనే ఉంది. ఆమెను తలుపు బయట ఉండమన్నారు. ఆమె ఉంది. వీధి దీపాలు వెలిగాక కవిప్రియ బయటికొచ్చి ఆమె చేయి పట్టుకుంది.

ధనకోటి లోపలికెళ్ళి ఆయన ఒళ్ళు తుడిచింది, దవడ కట్టింది, దుప్పటి మార్చింది. ఇంకొకరిని చేయనివ్వలేదు. ఆయన సామాను తీయడానికి మంచం పక్కన అర తెరిచింది. స్టీలు గ్లాసు నిండా నీళ్ళు, ఆ నీళ్ళలో, చేర్చిన రోజు ఏంజెలిన్ తీసిపెట్టిన ఆయన కట్టుడు పళ్ళు.