ఇటుకరంగు లైటు

ఫైరింజను పక్కమెట్టు మీద ఒక కాలు, టైరు మీద ఒక కాలు వేసి, సాలమోను పైనున్న లైటును తుడుస్తున్నాడు. ముందు తడిగుడ్డతో, తరవాత పొడిగుడ్డతో. ఆ పొడిగుడ్డ భార్య ప్రసన్నకుమారి పాత ఎర్రచీర ముక్క. ఒకప్పుడు క్రిస్మస్‌కి కట్టిన చీర, ఉతికి ఉతికి దూదిలా మెత్తబడింది. నీలం అద్దం చిటికెలో అయిపోయింది. ఎర్ర అద్దం దగ్గర మాత్రం చెయ్యి కదలనంది. ఎంత తుడిచినా అది ఎర్రబడదు. దుమ్ము పట్టిన ఇటుక రంగులోనే ఉంటుంది. దుమ్ము అద్దం మీద లేదని సాలమోనుకు తెలుసు. అయినా తుడిచాడు.

"అరిగిపోద్దండి సాలమోను గారూ, ఇంక వదిలెయ్యండి," అన్నాడు కింద గొట్టాలు చుడుతున్న వీరవెంకటరమణ. కొత్తపేట దగ్గర కొబ్బరితోటలున్న రైతుల ఇంటి కుర్రాడు. లీడింగ్ ఫైర్‌మన్ ఉద్యోగం, పెద్ద బండ్ల లైసెన్సు, నోటి నిండా వేళాకోళం.

"ఆయ్, అయిపోయిందండి," అని సాలమోను గుడ్డను డ్రైవరు పక్కనున్న సైడు అద్దానికి కట్టి ఆరేసి, కిందికి దిగాడు.

సాలమోను బక్కపల్చటి మనిషి. ఏళ్ళ తరబడి స్టీరింగు మీదకు వంగీ వంగీ మెడ కాస్త ముందుకు వచ్చేసింది. ఖాకీ చొక్కా ఇస్త్రీ మాత్రం ఏ రోజూ తప్పలేదు. పోయిన వానాకాలంలో, లైటు మసకబారిందనీ, జనానికి బండి కనబడటం లేదనీ స్టేషన్ ఆఫీసరు సుభాష్ గారి ప్రాణం తోడేశాడు. ఆయన పట్టుబట్టి కొత్త లైటు తెప్పించాడు. అదీ మసకే. "మీ లైటు పట్టపగలే కళ్ళల్లో పొడిచేత్తందండి బాబూ," అని రోడ్డు మీద రైతులు అంటే, వెక్కిరిస్తున్నారనుకుని సాలమోను రెండు రోజులు ముఖం మాడ్చుకు తిరిగాడు.

అసలు సంగతి మిరపకాయలు బయటపెట్టాయి. ఎండలు ముదరకముందు ప్రసన్నకుమారి డాబా మీద మిరపకాయలు ఆరబోసింది. "ఈసారి కాయకి రంగే లేదేంటి?" అన్నాడు. ఆవిడ నవ్వి, గుప్పెడు కాయలు అతని ముఖం ముందు పెట్టింది. ఎడమకన్ను మూస్తే ఇటుక రంగు. కుడికన్ను మూస్తే కొంచెం ఎరుపు. సాలమోను నవ్వలేకపోయాడు. అమలాపురంలో కళ్ళ డాక్టరుకు చూపించుకుంటే, షుగరు వల్ల కంటినరం దెబ్బతిందనీ, కళ్ళజోడు మార్చినా లాభం లేదనీ, బండి నడపడం వెంటనే మానెయ్యాలనీ చెప్పాడు. సాలమోను మానలేదు, ఎవరికీ చెప్పనూ లేదు.

చెబితే ఉద్యోగమేమీ పోదు. వాచ్‌రూమ్‌లో ఫోను దగ్గర కూర్చోబెడతారు. అదే అతని భయం. సాలమోను తండ్రి పొలం కూలీ. కాలువగట్టు మీద ఆసామి సైకిలెక్కి ఎదురొస్తే, చెప్పులు చేత పట్టుకుని గట్టు కిందికి దిగి నిలబడేవాడు. తండ్రి వెనకాలే పిల్లవాడు సాలమోనూ దిగేవాడు. ఎందుకు దిగాలని అడగాలనైనా తోచేది కాదు. ఉద్యోగం వచ్చిన కొత్తలో, అదే గట్టు మీద ఎర్రలైటు వేసుకుని వెళుతుంటే, ఒక ఆసామి కారు బురదలోకి దిగి మరీ దారిచ్చింది. ఆ మాట ఇంటికొచ్చి చెబితే, తండ్రి "ఎవరి కారురా?" అని అడిగి, పేరు విని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు సాలమోను చెవుల్లో ఇప్పటికీ ఉంది. ఆ లైటు కింద కూర్చున్నంత కాలం అతను ఎవరికీ పక్కకు తప్పుకోనక్కర్లేదు.

టీ తాగుతుండగా ఫోను మోగింది. మామిడికుదురు వైపు ఒక పీచుమిల్లులో కొబ్బరిపీచు గుట్ట అంటుకుంది. సాలమోను గ్లాసు కింద పెట్టి బండెక్కాడు. పక్కన రమణ కూర్చున్నాడు, వెనకాల తక్కినవాళ్ళు ఎక్కారు.

కాలువలు కట్టేసిన రోజులు. నీళ్ళు లేని కాలువలో బురద నెర్రెలిచ్చి ఉంది. తూముల మరమ్మతులు చేసుకునే కాలం కూడా అదే. గట్టు రోడ్డు మీద జనం దూరం నుంచే తప్పుకుంటున్నారు. ట్రాక్టరు తప్పుకుంది, పాలవాడు తప్పుకున్నాడు. సాలమోను మనసు ఎప్పటిలాగే పొంగింది. మలుపు తిరిగాక రోడ్డు వారగా ఇటుకల గుట్ట కనబడింది. ఇటుకలే కదా అనుకుని ఆ పక్కనుంచే పోనిచ్చాడు.

"ఆపండి, ఆపండి," అని రమణ అతని భుజం పట్టుకున్నాడు.

బ్రేకు మీద లేచి నిలబడినంత పనిచేశాడు సాలమోను. బండి ఊగి ఆగింది. టైరు కింద వెదురుకర్ర ఫెళ్ళున విరిగింది, సిమెంటు తట్ట నలిగిపోయింది. తట్ట దగ్గర కూర్చున్న కూలిమనిషి అప్పటికే కాలువలోకి దొర్లిపోయింది. రోడ్డుకు ఆ పక్కంతా తూము కోసం తవ్విన గొయ్యి. కర్రకు కట్టిన ఎర్రగుడ్డ ఇటుకల మీద పడింది. సాలమోను ఎంత చూసినా అతని కంటికి ఇటుకలే కనబడుతున్నాయి, గుడ్డ కనబడటం లేదు.

ఆ మనిషి చీర దులుపుకుంటూ గట్టెక్కింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. కోప్పడలేదు. అర్థంకాక అడిగినట్టుగా అడిగింది.

"అంత ఎర్రగుడ్డ కట్టేం కదండీ. మీకు కనపళ్ళేదా అండీ?"

"ఎదురెండ కదమ్మా, అందుకని," అన్నాడు రమణ. ఎండ వాళ్ళ వెనకనుంది.

పీచుమిల్లు దగ్గర సాలమోను పంపు నడిపాడు. చేతులకు అలవాటైన పని, వాటంతటవే చేసుకుపోయాయి. మనసు మాత్రం తూము దగ్గరే ఉండిపోయింది. ఆ మనిషి ఒక్క క్షణం ఆలస్యంగా లేచి ఉంటే అన్న ఆలోచనే మళ్ళీ మళ్ళీ వచ్చింది. చెరువు నీళ్ళు తోడి గుట్టంతా తడిపారు. పొగ తగ్గింది. పీచు లోపల్లోపల కాలుతూనే ఉంటుందనీ, రాత్రిదాకా కనిపెట్టుకుని ఉండమనీ మిల్లువాళ్ళకు చెప్పి బయల్దేరారు.

సాలమోను తాళాలు రమణ చేతిలో పెట్టాడు. "మీరు నడపండి."

రమణ అతని ముఖంలోకి చూసి, వేళాకోళం చెయ్యకుండా ఎక్కాడు. తూము దగ్గర కొత్త కర్రకు గుడ్డ కట్టి ఉంది. ఆవిడ వేరే తట్టలో సిమెంటు కలుపుతోంది. రమణ బండిని మెల్లగా పక్కనుంచి తీసుకెళ్ళాడు.

"ఆఫీసరు గారు అడిగితే ఎదురెండనే చెబుతానండి," అన్నాడు. "మీ రిటైర్మెంటు ఎంతో దూరం లేదు కదండీ. ఎవరికి తెలుత్తాది?"

"ఆవిడకి తెలుసు కదండీ," అన్నాడు సాలమోను.

స్టేషన్‌కు రాగానే తిన్నగా సుభాష్ గారి గదిలోకి వెళ్ళి, నిలబడే అంతా చెప్పాడు. కన్ను సంగతి, డాక్టరు మాట, దాచిన సంగతి, తూము దగ్గర జరిగింది. చెబుతున్నంతసేపూ తల కొట్టేసినట్టుంది. ఆయన పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు.

"లైటు కోసం నాతో అన్నాళ్ళు దెబ్బలాడేరు కదండీ."

"ఆయ్. అప్పుడు నిజంగా లైటేననుకున్నానండి."

"చెప్పకుండా ఇన్నాళ్ళు నడిపేరంటే తప్పేనండి. పైకి రాయక తప్పదు నాకు. రేపట్నించి వాచ్‌రూమ్‌లో కూర్చోండి. ఇవాల్టికి ఇంటికెళ్ళిపోండి."

సాలమోను సైకిలు తీసుకుని బయటికి వచ్చాడు. బండి దగ్గరికి వెళ్ళలేదు. వెళితే కాళ్ళు కదలవని భయపడ్డాడు. ఊరు దాటి గట్టెక్కాడు. ప్రసన్నకు ఏమని చెప్పాలో కూడబలుక్కుంటూ తొక్కుతున్నాడు. దాచినందుకు ముందు తిడుతుంది. తరవాత ఏడుస్తుంది. ఆ మిరపకాయల పూటే తనకెందుకు తోచలేదని తనను తానే తిట్టుకుంటుంది.

వెనకనుంచి సైరన్ వినబడింది. పీచు మళ్ళీ అంటుకుని ఉంటుంది. ఆ చప్పుడుకు అతని కుడికాలు బండి యాక్సిలరేటరు కోసం వెతుక్కుంది. అక్కడ సైకిలు పెడలే ఉంది. దిగి, సైకిలు చేత్తో పట్టుకుని, గట్టు కిందికి నెట్టుకుంటూ వెళ్ళి, ఎండిన కాలువ అంచున నిలబడ్డాడు. ఒక చెప్పు జారిపోయింది. వంగి దాన్ని చేత్తో పట్టుకున్నాడు. పట్టుకున్నాక తండ్రి గుర్తొచ్చాడు. ఈసారి ఎందుకు దిగాడో అతనికి తెలుసు. అయినా దుఃఖం ఆగలేదు.

బండి గట్టు మీద దుమ్ము రేపుకుంటూ వచ్చింది. రమణ అతన్ని చూసి ఒక చెయ్యెత్తాడు. ఆగలేదు, ఆగకూడదు కూడా. పైన లైటు తిరుగుతోంది. డ్రైవరు పక్క అద్దానికి సాలమోను పొద్దున కట్టి మరిచిపోయిన చీరముక్క, ఊరందరికీ ఎర్రగా, అతనొక్కడికి ఇటుకరంగుగా, గాలికి రెపరెపలాడుతూ వెళ్ళిపోయింది.