దేవుడు కప్పుకున్న సెల్లా

శ్రావణంల నూలు పున్నం నాడు మగ్గం గుంతల కాళ్లు వెట్టినోడు సెల్లా కండువ నేసి తెంపేదాక లేవొద్దు. తిండి లేదు, నీళ్లు లేవు. దీపాలు వెట్టేయాల్లకు ఆ సెల్లా కులదైవం మార్కండేయుని భుజాల మీద ఉండాలె. అమీర్‌పేటల పద్మశాలోళ్లయి పదకొండు ఇండ్లే గానీ, పట్టింపు మాత్రం వంద ఇండ్లంత.

ఈ యేడు సుత పెద్దమనిషి ధర్మయ్య, శివరాములు పేరే చెప్పిండు. వద్దంటే ఎందుకని అడుగుతరు. ఎందుకో చెప్పే నోరే ఉంటే వానికి ఇన్ని తిప్పలెందుకు?

పోయినేడు గిదే మగ్గం మీద కూసున్నడు మహానుభావుడు. పగటాల్లకు గొంతు ఎండింది. మడి అని ఆ అర్ర దిక్కు ఎవ్వరూ రారాయె. జర నీళ్లు తాగొస్తనని ఎనుక తలుపు నుంచి జారి, పంజగుట్ట కల్లు దుకాణంల తేలిండు. తెలివికొచ్చేసరికి పొద్దు వాలింది. మగ్గం మీద బెత్తెడు బట్ట. ఏం జేసిండు? సోమాజిగూడ అంగట్ల ఒక సెల్లా కొని, కొసలకు పసుపు రాసి, నేనే నేసిన అన్నడు. ధర్మయ్య దాన్ని కండ్లకద్దుకొని దేవునికి కప్పిండు.

నెల తిరిగేసరికి ఊరి మీద కలరా గత్తరొచ్చింది. శివరాములు బిడ్డ చంద్రావతి, నాలుగేండ్లది, పొద్దుగాల కక్కుకున్నది, మాపటాల్లకు లేదు. ధర్మయ్య వచ్చి బిడ్డ మీద ఒక బట్ట కప్పిండు. చూస్తే అదే సెల్లా. నీ మోసం నీకే తిరిగొచ్చిందిరా అని దేవుడు మొకం మీద కొట్టినట్టనిపించింది. అప్పటిసంది కల్లు ముట్టలే, గుడి మెట్టెక్కలే, భార్య కాంతవ్వ కండ్లల్లకు చూడలే.

ఇప్పుడు కాంతవ్వకు ఏడో నెల. ఇయ్యాల సెల్లా తప్పితే ఈ బిడ్డను సుత తీస్కపోతడు. వాని లెక్క అంతే.

పోగు తెగింది. ముడేసిండు. నాలుగు సార్లు పోగుల నడుమ నాడె అటిటు ఆడంగనే మల్ల తెగింది. ఎండ గోడ మీద జానెడు మిగిలింది. బట్ట ఇంకా మూరెడు నెయ్యాలె. మల్ల తెగింది.

ధర్మయ్య తలుపు తీసుకొని వచ్చిండు. "ఎందాక వచ్చిందిరా?"

"నాతోని గాదు పెద్దనాయనా. దేవుడు నెయ్యనిస్తలేడు."

"ఎందుకు నెయ్యనియ్యడు?"

ఇగ ఆగలే. "పోయినేటిది నేను నేసింది గాదు. కల్లు తాగి పండుకున్న. అంగట్ల కొన్న!"

ముసలాయన గుంత అంచున కూలబడ్డడు. "ఎరుకేరా. నీకు నాడె పట్టుడు నేర్పింది నేను. నీ అంచు ఎప్పుడూ ఎడమ దిక్కు బిగుస్తది. చేతులకు తీసుకోంగనే ఎరుకైంది."

"మరెందుకు కప్పినవ్?"

"ఒళ్లు మండింది. ఇసిరికొడుదామనుకున్న. నువ్వేమో ముంగట గజగజ వణుక్కుంట నిలవడ్డవ్. దేవుడే వద్దనలే, నేనెవన్నిరా?"

"మరి నా బిడ్డ మీద దాన్నే ఎందుకు కప్పినవ్? నా మోసం నాకు సూపెట్టనీకేనా?"

ధర్మయ్య మొకంల నెత్తురు లేదు. "యేడాది సంది గట్లనుకుంటున్నవా, బేవకూఫ్? నెల దినాలు దేవుని ఒంటి మీదున్న బట్టరా అది! నీ బిడ్డకు ఇయ్యనీకి నా దగ్గర అంతకంటె పెద్దదేమున్నది?"

"మరి బిడ్డను ఎందుకు తీస్కపోయిండు?"

"అది నాకు తెల్వది. గత్తర ఊర్ల నలభై ఇండ్లల్ల సొచ్చింది. నలభై మందీ కల్లు తాగిండ్రా? మన మార్కండేయుడు ఎవడురా? యముడొస్తే శివున్ని కావలిచ్చుకున్న పిలగాడు. ఆ పిలగాన్ని ఇడిపిచ్చిన దేవుడు నీ మీది కోపానికి నీ బిడ్డకు తాడేస్తడా? తప్పు జేసినవ్, నిజమే. మన మార్కండేయుడు ఆ తప్పును భుజాల మీద కప్పుకున్నడు. నువ్వే ఒప్పుకుంటలేవు."

శివరాములు వెక్కెక్కి ఏడ్చిండు. బయట డప్పులు మొదలైనయి.

"దీపాలయాల్లకు గాదు పెద్దనాయనా."

"నేను పోయి దీపాలు ఆపుత. నువ్వు నెయ్యి."

"కాంతవ్వను పిలువు. దానికి చెప్పాలె."

మడి అర్ర గడపల కాంతవ్వ నిలవడ్డది. శివరాములు లేవకుండనే, కల్లు కాడి నుంచి అంగడి దాక అంతా చెప్పిండు. ఆమె గోడకు ఆనుకున్నది. తిడుతదనుకున్నడు, తిడితే బాగుండనుకున్నడు.

"బిడ్డ మీద కప్పింది దేవుడు కప్పుకున్న సెల్లానేనా?" అనడిగింది.

"ఔ."

"గట్లయితే నా బిడ్డ సలిల పోలే," అన్నది కొంగుతోని కండ్లు ఒత్తుకుంట. "నువ్వు జేసిన దానికి నీతోని మల్ల కొట్లాడుత. ముందుగాల ఇది కానియ్యి."

కడుపు పట్టుకొని మెల్లగ రాట్నం ముంగట కూసుని, కండె చుట్టుడు షురూ జేసింది. శివరాములు తెగిన పోగును ముడేసిండు. స్వామీ అని నోరార పిలిచి యేడాదయింది. ఇయ్యాల పిలిచి, నాడె ఇసిరిండు.