గంట కొట్టిన వంటామె

ఆస్ట్రేలియాలో బర్క్ పట్నానికి అవతల, ఓ గొర్రెల షెడ్డులో ఎండాకాలం ఈగలు ఎగరవు, నీడ చూసుకుని నడుస్తాయి. అంత వేడిలో ఆరుగురు మగాళ్ళు పొద్దున్నుంచీ నడుం రెండుగా మడిచి, గొర్రెను కాళ్ళ మధ్య ఇరికించుకుని, మిషను కత్తెరతో ఉన్ని తీస్తారు. మూతి కట్టని తిత్తిని వంచితే ఏమవుతుంది? కడుపులో పులుపంతా గొంతుకెక్కుతుంది. అందుకని వంటామె థెల్మా భోజనాల బల్ల మీద ఓ బిస్కెట్ల డబ్బా పెట్టింది. గుండెల్లో మంటకి తెచ్చుకున్న బిళ్ళల్లో, పొడుల్లో మిగిలినవి ఎవడికి వాడు అందులో పడేస్తాడు. కావలసినవాడు ఏరుకుంటాడు. చోటు చాలక వాటి అట్టపెట్టెలు పొయ్యిలోకి పోతాయి. పదేళ్ళుగా ఆ డబ్బా వాళ్ళకి దేవుడైతే థెల్మా పూజారి.

ఆ రోజు మధ్యాహ్నం టీకి క్లెమ్ రొట్టె ముట్టలేదు. అరవై రెండేళ్ళవాడు, ఇదే ఆఖరి సీజను. ఒక్క రోజులో రెండొందల గొర్రెల ఉన్ని తీసి మరీ మానేస్తానని పంతం పట్టాడు. నూట యాభై రెండయ్యాయి. డబ్బాలోంచి పొడి పొట్లం తీసి నీళ్ళలో వేసి, బుస్సుమని పొంగుతుండగానే తాగేశాడు. వెంటనే ఇంకోటి చింపాడు.

"ఇవాళ ఎన్నోది క్లెమ్?" అంది థెల్మా.

"లెక్క గొర్రెలకే, పొట్లాలకి కాదు. అసలు నీ కూరలో మసి తగ్గించు. రెండ్రోజులుగా దొడ్డికెళ్తే తారు పోసినట్టు నల్లగా పడుతోంది."

అందరూ నవ్వారు. గంట మోగింది, వెళ్ళిపోయారు. థెల్మా నవ్వలేదు. ఆమె తండ్రి పోయేముందు సరిగ్గా ఆ మాటే అన్నాడు.

ఫోను తీసి పట్నం ఆసుపత్రికి చేసింది. నోలా అనే నర్సు పలికింది. థెల్మా క్లెమ్ సంగతి చెప్పింది.

"గులాబీరంగు కడుపు మందేమైనా తాగాడా అమ్మా? ఐరన్ బిళ్ళలు? వాటికీ నల్లగా అవుతుంది."

"అలాంటివి మా డబ్బాలో లేవు."

"అయితే ఉన్నవి ఒక్కొక్కటే చదవండి."

థెల్మా కళ్ళద్దాలు సవరించుకుంది. "నమిలే సుద్దబిళ్ళలు. తర్వాత... ఫామోటిడిన్."

"ఆ రెండూ కాస్త ఎడంగా వేసుకుంటే పేచీ లేదు. తర్వాత?"

"పొంగే పొడి."

"పేరు కాదు, వెనకాల చిన్న అక్షరాలు చదవండి."

వెలుతురుకి పట్టుకుంటే గానీ కనబడలేదు. "సోడా... నిమ్మ ఉప్పు... ఆస్పిరిన్."

నోలా గబగబా అడిగింది.

"నడుం నొప్పికేమైనా మింగుతాడా?"

క్లెమ్ చొక్కా మేకుకి వేలాడుతోంది. జేబులో సగం ఖాళీ అయిన అట్ట. "ఐబుప్రొఫెన్."

"రెండూ కడుపుని కోసేవే అమ్మా. మంటకని తాగుతున్న పొడే పుండుని రేపుతోంది. లోపల రక్తం కారుతున్నట్టుంది. పని ఆపించండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఇంకేమీ పొయ్యొద్దు, నీళ్ళు కూడా. డాక్టర్ల విమానం పంపిస్తున్నాం."

థెల్మా పరుగెత్తింది. ఆమె పరుగెత్తడం ఆ జిల్లాలో ఎవరూ చూసి ఎరగరు. షెడ్డులో ఆరు మిషన్లు గింగురుమంటున్నాయి. క్లెమ్ నూట అరవయ్యొకటో గొర్రెను ఈడ్చుకొస్తున్నాడు, మొహం ఉతకని ఉన్నిలా పాలిపోయింది. "ఆపు క్లెమ్" అని అరిచింది. వినబడలేదు, లేదా విననట్టు వంగాడు.

మేస్త్రీ డోబీ అడ్డమొచ్చాడు. "గంట కొట్టేదాకా ఎవడూ ఆపడు థెల్మా. నీకు తెలీదా?"

తెలుసు. ఆ గంట మేస్త్రీది. నిప్పంటుకున్నా వేరేవాళ్ళు తాడు ముట్టరు. గంట మోగాక గొర్రె మీద కత్తెర ఆడించినవాడూ లేడు. థెల్మా డోబీని మోచేత్తో నెట్టి, తాడు అందుకుని, చేతులు బొబ్బలెక్కేలా లాగింది.

మిషన్లు ఆగిపోయాయి, ఒకటి, రెండు, ఆరూ. అలవాటు అలాంటిది. క్లెమ్ కూడా కత్తెర వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"ఇంకా టైమవలేదు కదే..." అంటూ మోకాళ్ళ మీద కూలి, కాఫీ మడ్డిలాంటి నల్ల నెత్తురు కక్కాడు.

విమానం దిగడానికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ థెల్మా ఉన్నిగుట్ట మీద అతన్ని పక్కకి తిప్పి పట్టుకునే ఉంది. నీళ్ళడిగాడు, ఇవ్వలేదు. తిట్టాడు, భరించింది. తిట్లు పలచబడ్డప్పుడే ఆమెకి భయమేసింది. "ఇంకా తిట్టు, ఆపకు" అంది.

నాలుగో రోజు ఫోను మోగింది.

"నా మిగిలిన గొర్రెలు నలభై ఎవరు తీశారే?" ఆసుపత్రి నుంచి క్లెమ్. గొంతు నీరసంగా ఉంది, పొగరు తగ్గలేదు.

"గంట తీసింది," అంది థెల్మా.

"గంట కొట్టడం వంటామె పనా?"

"కాదు. అందుకే డోబీ మూడ్రోజులుగా నాతో మాట్లాడ్డంలేదు. నువ్వు మాట్లాడుతున్నావుగా, చాలు."

ఫోను పెట్టేసి పొయ్యి దగ్గరికెళ్ళింది. ఎవడో కొత్తగా తెచ్చిన బిళ్ళల అట్టపెట్టె నిప్పుల పక్కన పడుంది. తీసి, బూడిద దులిపి, కళ్ళద్దాలు పెట్టుకుంది. చిన్న అక్షరాలన్నీ చదివాకే బిళ్ళలతో సహా ఆ పెట్టెని డబ్బాలో పెట్టింది.