ఎండలో పెట్టిన నమూనా

బడిలో హాజరు పిలిచేటప్పుడు మాత్రమే నేను అండాలును. మిగతా సమయమంతా జల్లెడను. తొమ్మిదో తరగతిలో అమ్మవారు పోసినప్పుడు దురద ఆగక గోక్కున్నాను. పొక్కులు మానాయి కానీ రెండు బుగ్గల మీదా గుంటలు మిగిలాయి. పదో తరగతంతా వెనక బెంచీలో తల వంచుకుని గడిపేశాను. పాసయ్యాక అమ్మకు ఒక్క మాట చెప్పాను, ఈ మొహంతో భువనగిరి కాలేజీకి పోనని.

అమ్మ వాదించలేదు. ఆమెకు వాదించే ఓపిక ఎప్పుడూ ఉండదు.

"పోకుంటె ఆసు మీద కూసో," అంది.

మా పోచంపల్లిలో ఆసు ఆడవాళ్ళ పని. చట్రానికి ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరసగా బోలెడు మేకులు ఉంటాయి. నూలు పట్టుకుని చెయ్యి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూనే ఉండాలి. ఒక చీరకు సరిపడా నూలు అయ్యేసరికి భుజం మనది కాదనిపిస్తుంది. అమ్మ పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఇదే పని. ఇప్పుడామె చెయ్యి తలదాకా లేవదు, కొప్పు నేనే ముడుస్తాను. వారం రోజులు ఆసు పోశాక నాకు కాలేజీ మీద ఆశ మళ్ళీ పుట్టింది. కానీ మొహం మాత్రం అదే.

పక్కింటి లాడ్లీ బేగంను మేం ఖాలా, అంటే చిన్నమ్మ అని పిలుస్తాం. ఒకరోజు ఆమె గడపలో నిలబడి బాపును నిలదీసింది.

"లింగన్నా, పోరి గిట్ల మొఖం దాసుకుంట ఎన్నొద్దులుంటది? హైదరాబాదుల చర్మం డాక్టరమ్మ ఉన్నది. మా చెల్లె బిడ్డకు మంచిగ చేసింది. జర తోల్కపో."

"సూస్త తియ్యి."

"నువ్వు సూసేసరికి పోరి ముసల్దైతది."

బాపు నవ్వాడు కానీ, మగ్గం మీది చీర దిగగానే నన్ను బస్సెక్కించాడు.

డాక్టరమ్మ నా గడ్డం పట్టుకుని దీపం కిందికి తిప్పింది. అంత దగ్గర నుంచి నా బుగ్గలను ఎవరూ చూడలేదు. నేను కళ్ళు మూసుకున్నాను.

"రెండు దారులున్నాయమ్మా," అంది. "ఒకటి, చిన్న గిరక లాంటి మిషన్‌తో పై చర్మం గీకేస్తాం. ఒక్కసారికే గుంటలు చాలావరకు సమానమవుతాయి. కానీ కొత్త చర్మం పసిపిల్ల లాంటిది. నెలల తరబడి ఎండ తగలకూడదు. రెండోది కొత్తగా వచ్చింది. పచ్చబొట్టు మిషన్ చూశావా? అదే, కానీ రంగుండదు. ఉత్త సూదులతో గుచ్చుతాం. ఆ గాయం మానేటప్పుడు లోపలి నుంచి చర్మం నిండుకుంటుంది. చాలాసార్లు రావాలి. అన్నిసార్లు వచ్చినా గుంటలు సగమే పోవచ్చు."

"గీకుడే మంచిగున్నట్టున్నది మేడం," అన్నాడు బాపు.

నాకూ అదే కావాలనిపించింది. ఒక్కసారికి అయిపోవడం. మళ్ళీ మళ్ళీ ఈ కుర్చీలో కూర్చోవడం తలుచుకుంటేనే నీరసం వచ్చింది.

"తొందరపడొద్దు. ముందు చెవి పక్కన చిన్న జాగాలో గీకి చూద్దాం. ఎట్లా మానుతుందో చూసి అప్పుడు తేల్చుకుందాం."

బాపు మొహం వెలిగిపోయింది. "మేం గూడ గంతే మేడం! కొత్త రంగు కలిపితె ముందు ఒక్క లడి నూలే ముంచుతం. అది కుదిరితెనే మిగిలిన నూలు."

డాక్టరమ్మ కూడా నవ్వింది. గీకిన చోట పట్టీ వేసి, ఎండ తగలనివ్వద్దని రెండుసార్లు చెప్పి పంపింది.

చెక్కు రాలిపోయాక చూస్తే, చెవి పక్కన రూపాయి బిళ్ళంత మేర చర్మం గులాబీ రంగులో నున్నగా ఉంది. గుంటల్లేవు. అమ్మ వేలితో తాకి, "పట్టు లెక్కున్నది," అంది. ఆ రోజు అద్దం నేను గోడకు తిప్పి పెట్టలేదు.

బాపు మాత్రం ఇంకా తృప్తి పడలేదు. మా ఇంట్లో రంగేసిన లడిని నీళ్ళలో జాడించి మూడు నాలుగు రోజులు నడి ఎండలో ఆరేస్తారు. ఎండకు తట్టుకుంటేనే అది రంగు. వెలిసిపోతే ఆ గంజులో కలిపిన రంగు మొత్తం పారబోయడమే.

"రేపటి సంది వాకిట్ల ఎండకు కూసో బిడ్డా," అన్నాడు.

అమ్మ ఆసు ఆపింది. "డాక్టరమ్మ ఎండ తగలొద్దన్నది గద."

"అది మొఖం మొత్తం గీకినంక పుష్పా. గిది నమూనా. నమూనాను ఎండల పెట్టకుంటె ఏం తెలుస్తది? రేపు కాలేజికి పోతె పిల్లకు ఎండ తగులదా? బస్సు ఇంటి ముంగట ఆగుతదా?"

మా ఇంట్లో పుట్టిన ఎవరికైనా ఆ మాట సరైనదే అనిపిస్తుంది. నేను వాకిట్లో, ఆరేసిన నూలు పక్కన, చెవి ఎండవైపు తిప్పి కూర్చున్నాను. రోహిణి ఎండ. నూలు నుంచి వేడి వాసన వచ్చేది. చెంప చురచుర మండితే, పనిచేస్తోందేమో అనుకున్నాను.

వారం తిరిగేసరికి గులాబీ రంగు మాయమైంది. మొదట గోధుమ రంగు, తర్వాత నేరేడు పండు తొక్క రంగు. నున్నదనం అలాగే ఉంది కానీ, ఇప్పుడు ఆ మచ్చ వీధి చివర నుంచి కూడా కనబడుతుంది.

ఖాలా వచ్చి చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అరె లింగన్నా! పోరి మొఖానికి గూడ రంగేసినవా?"

ఎప్పుడూ ఆమెకు ఎదురు జవాబిచ్చే బాపు ఆ రోజు లేచి లోపలికి వెళ్ళిపోయాడు. మగ్గం గుంటలో దిగి కూర్చున్నాడు. నేత పలక ఆడిన చప్పుడు మాత్రం రాలేదు. చాలాసేపటికి నేను మంచినీళ్ళు తీసుకెళితే, చెంబు అందుకుని నా వైపు చూడకుండా అన్నాడు.

"ఖరాబు చేసిన బిడ్డా."

"నేను గూడ కూసున్న గదా బాపూ," అన్నాను.

డాక్టరమ్మకు బాగా కోపం వచ్చింది. "ఎండ తగలొద్దని చెప్పలేదా నేను?" అని బాపును అడిగింది. బాపు లడి సంగతి, రంగు సంగతి చెప్పుకుంటూ పోయాడు. సగంలో ఆపి, తప్పు తనదేనన్నాడు. దాంతో ఆమె మెత్తబడింది.

"నలుపు మెల్లగా తగ్గుతుందిలే. చలికాలం దాకా పట్టొచ్చు. కానీ ఒక సంగతి తెలిసింది. ఈమెది ఎండకు తొందరగా నల్లబడే చర్మం. మొహమంతా గీకించుకోవాలంటే ఈ సంవత్సరం ఇంట్లోనే ఉండాలి. కాలేజీ పై ఏడు చూసుకోవచ్చు. ఆ పద్ధతిలోనైతే మొహం బాగుపడుతుంది, ఆ మాట నిజం. సూదులైతే రెండు మూడు రోజులు ఎర్రగా వాస్తుంది, అంతే. తర్వాత ఓణీ కప్పుకుని తిరగొచ్చు. కానీ చెప్పాను కదా, సగమే."

బాపు నా వైపు తిరిగాడు. "నా తెలివి జూసినం గదా. ఇగ నేను చెప్ప. నువ్వే చెప్పు."

ఇద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు. నాకు నున్నటి చర్మం కావాలి. ఇప్పటికీ కావాలి. చెవి పక్కన దాన్ని తాకి చూశాను కాబట్టి ఇంకా ఎక్కువ కావాలి. కానీ ఏడాదంతా తలుపు వేసిన ఇంట్లో, ఆసు ముందు కూర్చుని, చెయ్యి ఇటూ అటూ తిప్పుతూ ఉండటం కళ్ళ ముందు కనిపించింది. ఆ ఏడాది తర్వాత ఇంకో ఏడాది అక్కడే ఉండనని ఎవరు చెప్పగలరు? అమ్మను కూడా మొదట ఒక్క చీర కోసమే కూర్చోమన్నారట.

"సూదులు," అన్నాను.

"ఏమ్మా?"

నా గొంతు ఆమెకు వినిపించలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. "సూదులే గుచ్చుండ్రి మేడం."

నల్లబడిన జాగా వదిలేసి మిగతా బుగ్గలకు ఆ రోజే మొదటిసారి గుచ్చారు. మొద్దుబారే మందు రాసినా నొప్పి తెలిసింది. మిషన్ తుమ్మెదలా రొద చేసింది. బాపు బయట బల్ల మీద కూర్చున్నాడు.

ఆ సోమవారమే కాలేజీ తెరిచారు. వాపు ఇంకా తగ్గలేదు. రెండు బుగ్గలూ మిరపపండ్లలా ఉన్నాయి, చెవి పక్కన నలుపు సరేసరి.

"ఇయ్యాల వద్దు, రేపు పో," అంది అమ్మ.

రేపు అంటే ఎల్లుండి అవుతుందని నాకు తెలుసు. ఓణీ తల మీదుగా కప్పుకుని బస్సు ఆగే స్టేజీ దగ్గరికి నడిచాను. బస్సులో కూరగాయల గంప పట్టుకుని కూర్చున్న ముసలమ్మ నన్ను తేరిపార చూసింది.

"మొఖమేంది పిల్లా గట్లయింది? తేనెటీగలు కుట్టినయా?"

బస్సంతా ఇటు తిరిగినట్టు అనిపించింది. ఎప్పుడైనా అయితే తల దించుకునేదాన్ని. ఇవాళ ఆ ఓపిక కూడా లేదు.

"కాదవ్వా. సూదులు గుచ్చిపిచ్చుకున్న."

"అయ్యో, ఎందుకే?"

"గుంటలు పోవాలెనని."

"పోతయా మరి?"

"సగం పోతయట."

ముసలమ్మ గంపను కాళ్ళ కిందికి జరుపుకుని, సీటు మీద చేత్తో తట్టింది.

"ఎంతసేపు నిలవడ్తవ్, కూసో."

కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ పడుతుంటే ఓణీ కొంగు ఆ వైపుకు లాక్కున్నాను. భువనగిరి ఇంకా చాలా దూరం ఉంది.