మోదుగాకు లేని పూట

సగం పిండే కలుపు, మిగిలితే మనమే తినాలె అని పొద్దున గనికి డ్యూటీకి పోతూ యోనా చెప్పిన మాట చెవిలోనే ఉంది, చెయ్యి మాత్రం డబ్బాలో జొన్నపిండంతా పళ్లెంలో కుమ్మరించేసింది, మొగుడి మాట వినని చెయ్యి, ఎదురుగా గట్టయ్య హోటల్ ముందు లారీలోంచి బియ్యం బస్తాలు దిగుతూనే ఉన్నాయి, మూడు నెలల తర్వాత అక్కడ అన్నం ఉడుకుతోంది, ఆ వాసన రోడ్డు దాటి వచ్చి నా పొయ్యి దగ్గరే కూర్చుంది, ఇవాళ ఎవరూ రాకపోతే రేపు ఈ పాకకు తడిక కట్టేసి మట్టిపనికి పోవాల్సిందే, నా పేరు మీద సుగుణమణి హోటలట, మొన్నటిదాకా ఊరికి ఇది ఉత్త సోడా కొట్టు.

యుద్ధానికి ముందు నా చేతి వంట తిన్నదెవరు, మా చర్చివాడ వాళ్లు తప్ప, స్టోర్సు గుమాస్తా నర్సింగం వచ్చేవాడు, సోడా ఒక్కటే, బుడ్డి మూతిని కండువాతో మూడుసార్లు తుడిచి పెదవి తగలకుండా ఎత్తిపోసుకునేవాడు, రొట్టె తింటవా అన్నా అని ఒకసారి నోరుజారి అడిగితే మీ తాన మేం తినం గదమ్మా అన్నాడు, నవ్వుతూనే అన్నాడు, ఆ నవ్వు నన్ను ఎన్ని రోజులు కాల్చిందో, తర్వాత పాకిస్తాన్‌తో యుద్ధం, విమానాలెక్కడో పంజాబ్ మీద ఎగిరితే మా గోదావరిఖనిలో బియ్యం ఎగిరిపోయింది, గట్టయ్య తలుపులు మూశాడు, బొగ్గు ఎక్కువ తియ్యాలని అందరికీ డబుల్ డ్యూటీలు, ఆకలి కులం అడగదంటారు, అడుగుతుంది, కాకపోతే మెల్లగా అడుగుతుంది, నర్సింగం చంకలో మోదుగాకు విస్తరి పెట్టుకుని వచ్చాడు, దీంట్ల రెండెయ్యమ్మా, నీ పళ్లెం వద్దు అన్నాడు, వేశాను, ఎండుమిరప తొక్కు ఇంత పెట్టాను, ఇంకో రెండు అడిగాడు, మర్నాడు ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకొచ్చాడు, నాలుగు విస్తర్లు, మా వాళ్లు పళ్లేల్లో వాళ్లు ఆకుల్లో, యుద్ధం ఆగిందని రేడియో చెప్పినా బియ్యం రాలేదు, ఇవాళ వచ్చింది.

సైరన్ కూసింది, షిఫ్టు దిగింది, మా వాళ్లు వచ్చారు, వస్తారు, వాళ్లు ఎప్పుడూ వస్తారు, నర్సింగం ముగ్గురితో రోడ్డు మధ్యలో నిలబడ్డాడు, దా బావా, సన్నబియ్యం, పొగలు గక్కుతున్నది అని గట్టయ్య పిలుస్తున్నాడు, చూడొద్దనుకుంటూనే చూశాను, పెనం మీద రొట్టె మాడింది, ప్రభువా, ఈ మనిషి రాకపోయినా నాకేం, అబద్ధం, రావాలి, అన్నం ఇంట్ల ఎట్లనన్న తింట బావా, ఇప్పుడు రొట్టె తినాలె, అదిగో నర్సింగం గొంతే, వచ్చాడు, బల్ల మీద కూర్చున్నాడు, పక్కన ఆ ముగ్గురు, నలుగురి చేతుల్లోనూ ఆకు లేదు, విస్తరేదన్నా అని నేనే అడిగాను, ఏం విస్తరో, తొక్కు సగం దానికే అంటుకపోతున్నది, పళ్లెంలనే పెట్టు అక్కా, జల్ది.

అక్కా అన్నాడు, కడిగిన పళ్లెమే, అయినా నర్సింగం చూస్తుండగా కొంగుతో మూడుసార్లు తుడిచాను, గుర్తొచ్చిందేమో తల దించుకున్నాడు, దించుకోనీ, నా కడుపు నిండింది, నాలుగు రొట్టెలు పెట్టాను, మళ్లీ నాలుగు, అందరికంటే వెనక వచ్చిన యోనా డబ్బాలోకి తొంగిచూసి పిండి ఏదే అన్నాడు, లేదు, పోయి గట్టయ్య తాన అన్నం తిను అన్నాను, బల్లంతా నవ్వింది, నేనూ నవ్వాను, ఆ యుద్ధం వీళ్లను నా దగ్గరికి తెచ్చింది ఒక్కరోజే, మిగతా రోజులన్నీ తెచ్చింది నా చెయ్యి.