గొర్రె దొరికిన చరణం

గురువారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ప్రభువు కాదు, పొయ్యి. ప్రభువు నన్ను క్షమించాలి. వాకిలి అలికి, చాపలు పరిచి, కుండెడు శనగలు ఉడకేసి, బెల్లం టీకి నీళ్లు పెట్టేసరికి రాజాం చుట్టుపక్కల పల్లెల వాళ్లంతా వచ్చి కూర్చునేవారు. అది పందొమ్మిదివందల అరవై ఎనిమిదో, తొమ్మిదో. మా ఆయన బడిపంతులు, సంఘపెద్ద కూడా. కంజిర ఆయనదే, గొంతు ఆయనదే, ప్రార్థనలో ఏడుపు కూడా ఆయనదే.

నాకూ పాడాలని ఉండేది. అలా ఇలా కాదు. మా పెద్దపిల్ల మశూచి వచ్చి బతికిన రోజు నుంచి నా గుండెల నిండా ఒక స్తోత్రం ఉండిపోయింది. నలుగురిలో నిలబడి గొంతెత్తి దేవుడికి అప్పజెప్పాలి దాన్ని. నాకా అక్షరం ముక్క రాదు, పుస్తకం చూసి పాడలేను. విని నేర్చుకోవాలి. వినాలంటే కూర్చోవాలి కదా!

తప్పిపోయిన గొర్రె పాటంటే నాకు ప్రాణం. మొదటి చరణంలో గొర్రె మంద విడిచి పోతుంది. రెండో చరణంలో ముళ్లపొదలో చిక్కుకుని అరుస్తుంది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి, చాప మీద కాళ్లు బారజాపుకుని కూర్చున్న మా అత్త బుల్లమ్మ, మూసిన కళ్లు తెరవకుండానే, "ఒసే కూర్మీ, నీళ్లు మరిగినాయేటే?" అనేది. నేను లేచేదాన్ని. గ్లాసుల చప్పుడులో మిగతా పాట కొట్టుకుపోయేది. టీ పట్టుకొచ్చేసరికి ఆమెన్.

ఏళ్ల తరబడి నా గొర్రె ఆ ముళ్లలోనే ఉంది. బియ్యం చెరుగుతూ పాడుకున్నా, పేడ ఎత్తుతూ పాడుకున్నా పాట అక్కడే ఆగేది. సువార్తలో గొర్రె దొరికిందని పాస్టరు గారు చెప్పగా విన్నాను, ఎరుగుదును. కానీ పాటలో దొరకొద్దూ? కాపరి దాన్ని ఏమని పిలిచాడు?

ఒకపూట అన్నం వడ్డిస్తూ మా ఆయన్ని అడిగాను. "ఏటండీ, ఆ మూడో సరణం ఓపాలి సెప్పరా?"

"నీకెందుకే మూడో సరణం? పులుసులో ఉప్పు లేదు, ముందది సూడు."

అక్కడితో పోలేదు. గురువారం నాడు అందరి ముందూ, "మా ఇంటిదానికి గొర్రె ఇంకా దొరకనేదట!" అన్నారు. చాపలన్నీ నవ్వాయి. పాస్టరు గారు కూడా నవ్వి, "శనగలు బాగున్నాయి, మార్తమ్మా" అన్నారు. ప్రభువు ఇంటికొస్తే వంటింట్లోనే సతమతమైన మార్త పేరు నాకు పెట్టారన్నమాట.

ఆ నవ్వు నన్ను వారమంతా ఒకచోట నిలవనివ్వలేదు. బిందె ముంచి, ఎత్తడం మరిచి నూతి గట్టున నిలబడిపోయేదాన్ని. కోపం ఎవరి మీదో తెలియదు. దేవుడి మీద కూడా కొంచెం వచ్చింది. నా స్తోత్రం వినడానికి ఆయనకు తీరిక ఉంది, చెప్పడానికి నాకే లేదు.

మరుసటి గురువారం అన్నీ పొయ్యి మీద పెట్టి, పాట అందుకోగానే వచ్చి పొరుగింటి చిన్నతల్లి పక్కన కూర్చున్నాను. గొర్రె ముళ్లలో పడింది.

"కూర్మీ, నీళ్లు మరిగినాయేటే?"

"మరిగితే మరగనీ అత్తా. గొర్రె ముళ్లల్లో ఉన్నాది."

చిన్నతల్లి నోట్లో కొంగు కుక్కుకుంది. మా ఆయన కంజిర ఒక దెబ్బ తప్పి, మళ్లీ అందుకుంది.

మూడో చరణంలో కాపరి గొర్రెను భుజాలకెత్తుకున్నాడు. "నా తల్లీ" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. నాలుగో చరణంలో ఇంటికి తెచ్చి, ఇరుగుపొరుగుల్ని పిలిచి విందు చేశాడు. అందరూ తిన్నారు, పాడారు. పాట అయిపోయింది. నేను ఇంకా ఎదురుచూస్తున్నాను. ఆ విందు వండిన ఆవిడను ఎవరూ బయటికి పిలవలేదు.

ఆమెన్ అనబోతుంటే లేచి నిలబడ్డాను. అదే వరసలో, నోటికొచ్చిన మాటలతో, కాపరి వంటింటి గుమ్మం దాకా వచ్చి "నువ్వూ రా తల్లీ" అన్నట్టు, నా బిడ్డను బతికించిన దేవుడివని ఆవిడ చేతులెత్తినట్టు పాడాను. గొంతు బొంగురుపోయింది. ఆపలేదు. ఎవరూ నవ్వలేదు.

"ఆ సరణం పుస్తకంలో నేదే," అన్నారు మా ఆయన, మెల్లగా.

"మీకు రాతొచ్చు కదా, రాసుకోండి," అన్నాను. "మళ్లీ పాడతన్నాను."