పసుపు కప్పిన పలక

శరత్కాల ప్రభాతము. దసరా ముగిసిన మఱునాడైనను సముద్రతీరమందలి యా రసాయన కర్మాగారమున ఆయుధపూజనాటి బంతిపూలదండలింకను వాడకుండెను. ధవళమేఘఖండములతో పోటీపడి శీతలీకరణగోపురములు తెల్లని యావిరిని వెడలజిమ్ముచుండ, బాలభానుకిరణములు సోకి గొట్టములవరుసలు తళతళలాడుచుండ, పంపులును మోటార్లును పసుపుకుంకుమలు దాల్చి పేరంటమునకు బయలుదేరిన ముత్తయిదువలవలె గరగరికగా నుండెను.

ఆ యుదయము మరమ్మతుశాఖాధికారిణియగు హైమవతికి కాలు నిలువకుండెను. యంత్రముల స్థితిగతులను కనిపెట్టుచు ఏది విప్పవచ్చునో ఏది విప్పరాదో పనివారికి తెలుపు సాఫ్ట్‌వేరు నొకదానిని సాయంకాలములోపల ఎన్నుకొమ్మని యాజమాన్యము ఆమెకే భారమప్పగించెను. దీనికై ఆమె యేడాదిగా పోరుచుండెను. ఏలయన నిరుడు వర్షాకాలమున కాగితపుచీటీలు తారుమాఱై, ఒక పంపునకు బదులుగా వేఱొక పంపును విప్పగా ఆమ్లము చింది ఫిట్టరు అప్పలకొండ ముంజేయి కాలిపోయెను. "ఇంకెప్పుడూ ఇలా జరగనివ్వను" అని ఆసుపత్రిలో అతని భార్యకు హైమవతి మాటయిచ్చెను. ఆ మాట నిలుచునో నిలువదో నేడు తేలవలసియుండెను.

వరింపవచ్చిన సాఫ్ట్‌వేరులు రెండు. మొదటిదానిని తెచ్చిన శ్రీవత్సుడు వాక్చతురుడు, మందహాసవదనుడు, ఇస్త్రీనలగని చొక్కావాడు. అతడు తెర వెలిగింపగనే రంగురంగుల పటములు నెమలిపురివలె విచ్చుకొనెను. "మాది ఎప్పుడూ ఖాళీ తెర చూపించదండీ. ఏమడిగినా క్షణంలో జవాబు!" అని యతడు పలుకగా చూడవచ్చిన ఉద్యోగులును పనివారును చప్పట్లు చఱచిరి. హైమవతి హృదయమును గంతులు వేసెను.

రెండవదానిని తెచ్చిన కుముదిని మితభాషిణి. ఆమె సాఫ్ట్‌వేరు రూపమున వెలవెలబోవుచుండుటయే గాక ఒక ప్రశ్న యడిగినచో తాను నాలుగు ప్రశ్నలడుగుచుండెను. "ఇది సాఫ్ట్‌వేరా, పెళ్లిచూపులకొచ్చిన మేనత్తా?" అని హైమవతియే హాస్యమాడగా అందఱును విరగబడి నవ్విరి. కుముదిని మాత్రము చిన్నబుచ్చుకొనక తన పని తాను చేసికొనుచుండెను.

"చూపులయ్యాయి. ఇక పని చూద్దాం పదండి" అని హైమవతి యుత్సాహముతో అందఱను పంపులశాలకు నడిపించెను. అచ్చట అచ్చుగ్రుద్దినట్లున్న జంటపంపులుండెను. అందొకటి మరమ్మతునకై తెల్లవాఱుజామున ఖాళీచేయబడెను. రెండవది ఆమ్లపూర్ణమై ఒత్తిడితో నిలిచియుండెను. విప్పవలసినది తనముందున్నదో కాదో తేల్చుటకై అప్పలకొండ శ్రీవత్సుడిచ్చిన ఫోనును ఒకదాని సంఖ్యాఫలకమునకెదురుగా పట్టెను. తెర పచ్చగా మెఱసెను. "పంపు ఖాళీ. విప్పవచ్చును" అని యందు కానవచ్చెను.

జనులు జయజయధ్వానములు చేయుచుండ అప్పలకొండ పానాతీసి మరకు తగిలించెను. ఆ క్షణముననే హైమవతి చూపు పైనున్న ఒత్తిడిగడియారముపై పడెను. ముల్లు సున్నవద్ద లేదు. మీదికి లేచి వణకుచుండెను.

"అప్పలకొండా, ఆగు! చెయ్యి తియ్యి!"

అతడు వెనుకకు దుమికెను. పానా ఖంగున సిమెంటునేలపై పడెను.

"ఏటయ్యిందమ్మా?"

"ఇది నిండుగా ఉంది. ఖాళీ చేసింది పక్కది!"

హైమవతి దగ్గఱకేగి చూచెను. ఫలకముపై చివరియంకె పసుపుక్రింద దాగియుండెను. ఆ పసుపు మెత్తినది తన చేయియే. ఆయుధపూజనాడు భక్తి పొంగిపొరలగా పంపునకు పూయవలసినది ఫలకమునకే దట్టముగా పూసియుండెను. అంకె కానరాకపోగా ఆ సాఫ్ట్‌వేరు తెలియదనుటకు సిగ్గుపడి ప్రక్కపంపు అంకెను తానే పూరించుకొనెను. పైన పటారము లోన లొటారమనుట ఇట్టిదానినే.

"పసుపు అడ్డమొచ్చిందండీ. దగ్గర నంబరు పట్టేసింది, అంతే" అని శ్రీవత్సుడు నసిగెను.

"అంతే అంటారేమిటండీ? తెలీనప్పుడు తెలీదనాలి కదా!" అని హైమవతి కన్నులెఱ్ఱజేసి కుముదినివైపు తిరిగెను. "మీది పెట్టండి. పలక మాత్రం తుడవకండి."

కుముదిని తన ఫోను నదే ఫలకమునకు చూపెను. తెర ఎఱ్ఱబడెను. "ఈ యంత్రమేదో తెలియలేదు. ఫలకము తుడిచి మరల చూపుడు. అంతవఱకు విప్పరాదు."

ఈసారి ఎవ్వరును నవ్వలేదు. హైమవతికి మాత్రము ఆనందము పట్టరానిదయ్యెను. ఏడాదిగా తాను వెదకుచున్నది ఈ వెలవెలబోవు తెరయందే యున్నదని తెలిసి, తన పదవిని మఱచి చిన్నపిల్లవలె చప్పట్లు చఱచెను. "ఇదేనండీ! ఇదే కావాలి మాకు!" అని కుముదిని చేతులు రెండును పట్టుకొనెను.

"దీన్నే తెచ్చీయండమ్మా. తెలీదన్నోడు సెయ్యి కాల్చడు" అని అప్పలకొండ పానాను తీసికొని తుడుచుకొనెను. సాయంకాలమునకై వేచియుండక హైమవతి మధ్యాహ్నమునకే తన నిర్ణయమును యాజమాన్యమునకు తెలిపెను.

మఱుసటియేట ఆయుధపూజ వచ్చెను. అప్పలకొండ మచ్చపడిన చేత పసుపుగిన్నె పట్టి నిలువగా హైమవతి పంపు పొట్టకు నిండుగా పసుపు పూసి కుంకుమబొట్టు పెట్టెను. ఒక చుక్క జాఱి ఫలకముమీద పడెను. ఆమె పైటకొంగుతో దానిని తుడిచి, అంకెలన్నియు చక్కగా కానవచ్చువఱకు తుడిచి, పిదప చేతులు జోడించెను.